నందవరపు మెట్టనేల – గ్రామము పూనవలసిన పూచీ

పూర్వపు కర్నూలు జిల్లాలో నందవరమను పేరుగల గ్రామములు రెండు గలవు. చౌడేశ్వరీదేవి యాలయముచే ప్రసిద్ధి కెక్కిన నందవరము బనగానపల్లె చెంతనున్నది. అది నేడు నంద్యాల జిల్లాలోనిది. మేమిపుడు ప్రస్తావింపబూనినది ఎమ్మిగనూరునకు సమీపమున, తుంగభద్రకు దక్షిణమున నున్న నందవరము. దాని పేరు యాత్రికు లెఱుగకపోవచ్చును గాని, మెట్టసేద్యపు కష్టసుఖము లెఱుగగోరువారు తప్పక చూడదగిన తావు. నల్లరేగడియు, ఎఱ్ఱనేలయు ప్రక్కప్రక్కనే కలవు. నది చెంతనే కలదు. అయినను బహుజనులు ఆకాశమువంకనే చూచి బ్రదుకవలసియున్నది.

ఈ సీమ చరిత్రము క్షామముల చరిత్రము. 1800లో నిజాము దీనిని కుంఫిణీవారికి దత్తము చేసెను. ఆదోని తాలూకా 1953 వఱకు బళ్ళారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరినది. పాలకులు మాఱిరి, ఎల్లలు మాఱినవి. వాన మాత్రము తన చపలత్వమును మాన్చుకొనలేదు. 1876–78 నాటి ధాత కరువు ఎంత ఘోరమైనదనగా, 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగవ వంతు తఱిగిపోయినది. ఈ మాట ముందుగా చెప్పుటకు కారణము కలదు. పూర్వకాలపు సేద్యమును స్వర్ణయుగముగ వర్ణించి, వర్తమానమును నిందించుట కొందఱకు పరిపాటియైనది. పూర్వులు నిండుగాదెలపై కూర్చుండి కాలము గడపినవారు కారు. అయినను, ఆకలి నెదిరించుటకు వారు నేర్చిన విద్య యొకటి కలదు. దానిని మనము తెలిసియో తెలియకయో పోగొట్టుకొంటిమి. నేటి చర్చ దానిని గూర్చియే.

ఆ విద్య యేది? ఒక్క పైరును నమ్మకుండుట. ఆదోని, బళ్ళారి ప్రాంతముల ప్రత్తికి వర్తకములో వెస్టరన్సు అను పేరుండెడిది. ఆ ప్రత్తిని రైతు లొంటిగా వేయక, కొఱ్ఱతో కలిపి గొఱ్ఱుతో విత్తుచుండిరి. కొఱ్ఱ త్వరగా కోతకు వచ్చి యింటికి తిండియు, పశువులకు మేతయు నిచ్చును. ప్రత్తి ఆలస్యముగ వచ్చి చేతికి రూకలిచ్చును. ఒకటి పోయినను ఒకటి మిగులును. జొన్నచేలలో కంది సాళ్ళు, చేని గట్లపై ఆముదము ఉండెడివి. పంట పండిన యేడు జొన్నలు పాతరలలో దాచి, పండని యేడు తీసెడివారు. గొఱ్ఱెల కాపరులు బీడుచేలలో మందలు కట్టి యెరువు వేసెడివారు. ప్రతిఫలముగ ధాన్యము కొలిపించుకొనెడివారు. విత్తనము ఇంటిది, ఎద్దు ఇంటిది, ఎరువు ఊరిది. దిగుబడి స్వల్పమే, కాని పంట పోయిననాడు రైతునకు పోవునది పంటయే గాని, పరుల సొమ్ము కాదు.

నేడు పంట పోయినచో అప్పు మిగులుచున్నది. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించిన పిదప ఈ సీమలో ప్రత్తి ఒంటిపంటగా విస్తరించినది. తొలియేండ్లలో కాయతొలుచు పురుగు తగ్గి రైతు సంతసించెను. పిమ్మట గులాబిరంగు పురుగు ఆ విత్తనమునకే అలవాటుపడెను. విత్తనము ప్రతియేట కొనవలసినదే. మందు, ఎరువు, కలుపుతీత, ట్రాక్టరు బాడుగ – అన్నియు రొక్కముతోడివే. ముంగారు వానలు మొగము చాటుచేసినచో ఆ రొక్కమంతయు మట్టిపాలు. అంతట ఇంటికి తాళమువేసి, బిడ్డలను వెంటబెట్టుకొని గుంటూరు ప్రాంతమునకు మిరపకాయ కోతలకు తరలిపోవలసినదే. దీనినే ఈ సీమవారు సుగ్గికి పోవుట యందురు. సొంత చేను గలవాడు పరుల చేలలో కూలియగుట, బడిలో నుండవలసిన బిడ్డ మిరపకల్లములో నుండుట – ఈ దుఃస్థితికి మూలము వానలేమి యొక్కటియే కాదు; వానలేమికి తగని సేద్యపద్ధతియు గూడ మూలమే.

కాలువనీరు వచ్చినచో సమస్య తీరునని కొంద ఱందురు. తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతమునకు ప్రాణప్రదమైనదనుటలో సందేహము లేదు. కాని ఆ జలాశయపు స్థితి యేమి? మొదట 133 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు నిర్మింపబడిన తుంగభద్ర జలాశయము పూడికచే నేడు సుమారు 105 టి.ఎం.సి.లకు కుంచించుకొనిపోయినది. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయినపుడు, దిగువ రైతులందఱు గుండెలు చేతబట్టుకొని కూర్చుండిరి. మఱియొక వైపున 2009 అక్టోబరులో అదే నది పొంగి మంత్రాలయమును, కర్నూలును ముంచి, తీరగ్రామముల నూడ్చివేసినది. అతివృష్టి, అనావృష్టి రెండును తప్పని సీమ యిది. కాలువకొఱకు పోరాడుట యావశ్యకమే. కాని కాలువ వచ్చువఱకు, వచ్చిన తరువాతను, వాననీటిని చేనిలోనే ఇంకించుకొనగల నేలను తయారుచేసికొనుట అంతకంటె ముందటి పని.

ఈ పనికి మార్గము మన తెలుగుదేశముననే కన్పట్టుచున్నది. ఖమ్మము ప్రాంతమునందలి పునుకుల గ్రామమువారు 2004 నాటికి పురుగుమందులను పూర్తిగ విడిచిపెట్టిరి. వేపగింజల కషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణము, లింగాకర్షక బుట్టలు, పక్షిస్థావరములు, ఎర పైరులుగా ఆముదము, బంతి – ఇవియే వారి యాయుధములు. 2006లో వరంగల్లు ప్రాంతపు ఏనెబావి రసాయనిక ఎరువులనుగూడ మానివేసి, ఊరి కూరంతయు సేంద్రియ గ్రామముగ ప్రకటించుకొన్నది. ఆ అనుభవములను పురస్కరించుకొని నాటి ఆంధ్రప్రదేశమున మహిళా పొదుపు సంఘముల ద్వారా పురుగుమందులు లేని సేద్యము విస్తరింపబడెను. 2016లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమను పేర ఈ కృషి నారంభించి, పిదప దానికి సామాజిక నిర్వహణయను విశేషణమును చేర్చినది. పది లక్షలకు మించిన చిన్న రైతులు ఇందులో చేరినారని లోకము గుర్తించి, 2024లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానమును ఈ యుద్యమమునకు ఇతరులతోపాటు పంచియిచ్చినది. అదే సంవత్సరము నవంబరులో కేంద్రప్రభుత్వము 2,481 కోట్ల రూపాయల యంచనాతో జాతీయ ప్రకృతి వ్యవసాయ పథకమునకు ఆమోదము తెల్పినది.

ఈ పద్ధతి మంత్రతంత్రము కాదు. పది కిలోల పేడ, అయిదు మొదలు పది లీటర్ల మూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను – వీనిని 200 లీటర్ల నీటిలో కలిపి రెండు దినములు నానబెట్టినచో ఎకరమునకు సరిపడు జీవామృతమగును. ఇది ఎరువు కాదు; నేలలోని సూక్ష్మజీవులను మేల్కొల్పు తోడువంటిది. పాలకు తోడువలె నేలకిది. నేలను ఎండకు విడువక ఆకుతో, చెత్తతో కప్పియుంచుట రెండవ సూత్రము. వానలకు ముందే, ఏప్రిలు, మే నెలలలో, అనేకవిధములైన విత్తనములకు మన్ను, బూడిద, ఘనజీవామృతము పట్టించి పొడినేలలో చల్లుట మూడవది. ఆ యుండలు చీమలకు, పిట్టలకు చిక్కక, తొలిజల్లుకే మొలకెత్తి నేలను పచ్చగ కప్పును. వేళ్ళు లోతుగ పాఱి మట్టిని గుల్లపఱచును. పడిన చినుకు పాఱిపోక ఇంకును. నందవరపు రైతు దీనిని చూచినచో క్రొత్తవింత యనుకొనడు. తన తాత కొఱ్ఱ, ప్రత్తి, కంది, ఆముదము కలిపి విత్తిన విద్యకే ఇది విస్తృతరూపమని గుర్తించును. ఇండోరులో కంపోస్టు పద్ధతిని రూపొందించి 1940లో తన వ్యవసాయ గ్రంథమును ప్రకటించిన ఆల్బర్టు హోవర్డను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు సైతము భారతీయ కర్షకులే తనకు గురువులని యొప్పుకొనియుండెను. మన విద్యను పరులు మెచ్చినగాని మనము మెచ్చని దౌర్భాగ్య మికనైన తొలగవలదా?

ఆక్షేపణలు లేకపోలేదు; వానిని దాచిపెట్టుట యుద్యమమునకు మేలు చేయదు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన పరిషత్తునకు చెందిన శాస్త్రజ్ఞులు ఈ పద్ధతి నిరూపింపబడినది కాదని బహిరంగముగ సంశయమును వెలిబుచ్చిరి. మఱికొందఱు సింహళద్వీపమును చూపుదురు. అచట 2021 ఏప్రిలులో ప్రభుత్వము ఒక్క కలముపోటుతో రసాయనిక ఎరువుల దిగుమతిని నిషేధించెను. పంటలు దెబ్బతిని, రైతులు వీధులకెక్కగా, ఏడు మాసములలో ఆ యాజ్ఞను వెనుకకు దీసికొనవలసి వచ్చెను. ఈ నిదర్శనమును మేము త్రోసిపుచ్చము. పైనుండి పడిన యాజ్ఞ నేలను మార్చజాలదు. సంవత్సరముల తరబడి రసాయనములకు అలవాటుపడిన భూమి సారము పుంజుకొనుటకు కాలము పట్టును, తొలియేండ్లలో దిగుబడి తగ్గవచ్చును, శ్రమ పెరుగును. కాని సింహళపు పాఠము సేంద్రియ సేద్యము విఫలమైనదని కాదు. రైతు నడుగక, అదనిచ్చక, ప్రత్యామ్నాయము చూపక చేసిన పని విఫలమగునని. గ్రామము తానే నిశ్చయించుకొని, తొలియేట ఒక యెకరము, మలియేట రెండు ఎకరములుగ సాగినచోట అట్టి యుపద్రవమునకు తావు లేదు.

మఱి రసాయనముల మార్గము నిరపాయకరమా? 45 కిలోల యూరియా బస్తా రైతునకు 266 రూపాయల 50 పైసలకు లభించుచున్నదనగా, మిగిలిన వెలను బొక్కసము భరించుచున్నదని యర్థము. పొటాషు దాదాపు అంతయు విదేశములనుండి వచ్చునదే. భాస్వరపు ఎరువులకును పరదేశపు ముడిసరకులే యాధారము. సముద్రమునకావల యుద్ధము జరిగిన, ఓడరాక తడసిన, మన పల్లెలో పైరు పాలిపోవును. 2025 ముంగారులో యూరియాకొఱకు తెలుగు రైతులు వేకువనే వరుసలలో నిలువబడిన దృశ్యమును అందఱును చూచితిమి. స్వరాజ్యమనగా జెండా యొక్కటియే కాదు. విత్తుటకు పరుల ముఖము చూడకుండుటయు స్వరాజ్యమే.

అయితే ఈ సేద్యమును ఒంటరి రైతు చేయజాలునా? జాలడనియే మా యభిప్రాయము. ఇచటనే మేము నందవరము వంటి గ్రామముల పెద్దలకు, మహిళా సంఘములకు ప్రత్యేకముగ విన్నవించుకొనుచున్నాము. ఒక రైతు వేసవిలో నవధాన్యములు చల్లి నేలను పచ్చగ కప్పినను, ఊరి పశువులు విచ్చలవిడిగ తిరిగినచో ఉదయమునకు చేను బోడియగును. కావున మేతకట్టుబాటు గ్రామము చేయవలసినదే. ఒకడు కషాయము చల్లినను, చుట్టునున్న చేలలో విషము చల్లినచో మిత్రపురుగులు నశించి, శత్రుపురుగులు ఇతని చేనికి వలసవచ్చును. ఎద్దులు లేని యింట పేడ యెక్కడిది? ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో పశువుల సంత నేటికిని జరుగుచున్నది; కాని ట్రాక్టరు వచ్చిన వెనుక పల్లెలలో కాడి యెద్దులు అరుదైనవి. పశువులు గలవారును లేనివారును ఒప్పందము చేసికొనక ఇది సాగదు. తాత విత్తనములు ఇంటింట లేవు. ఉన్న నాలుగిండ్ల నుండి సేకరించి ఊరికంతకు పంచవలయును. ఈ పనులలో ఏ యొక్కటియు వ్యక్తి చేయదగినది కాదు. అన్నియు సంఘము చేయవలసినవే.

సంఘశక్తి ఈ సీమకు క్రొత్త కాదు. 1938లో ఎమ్మిగనూరు నేతగాండ్రు మాచాని సోమప్పగారి నాయకత్వమున సహకార సంఘముగ నేర్పడిరి. నూలు షావుకారు దయ, గుడ్డ షావుకారు ధర అను రెండు ఱంపముల నడుమ నలిగిన మగ్గములు ఆ సంఘమువలన ఊపిరి పీల్చుకొన్నవి. ఎమ్మిగనూరు బట్ట దేశమంతట పేరుగాంచెను. సోమప్పగారిని ప్రభుత్వము 1954లో పద్మశ్రీతో గౌరవించినది. అంతటి చరిత్రకు కొలది క్రోసుల దూరములోనున్న నందవరపు కర్షకులు, విత్తన షావుకారు, ప్రత్తి షావుకారు అను అవే రెండు ఱంపముల నడుమ నేల నలుగవలయును? ఆదోని ప్రత్తి మండీకి బండి తోలుకొనిపోయిన ఒంటరివానికి ధర చెప్పు నోరు లేదు. నూఱు బండ్ల సంఘమునకు కలదు.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న: నేల యెవరిది, సేద్య మెవరిది? మన పల్లెలలో దున్నువారిలో అనేకులు కౌలుదారులు. నేలకు సారము కట్టుటకు మూడు నాలుగేండ్లు కావలయును. కౌలొప్పంద మేమో పదునొకండు మాసములకు. నేడు చెత్తకప్పి, గట్టు పోసి, జీవామృతము పోసి బాగుచేసిన చేను మఱుసటి యేడు ఎక్కువ కౌలునకు మఱియొకనికి పోవునని తెలిసిన కౌలుదారుడు, ఏమి ఆశతో శ్రమించును? యూరియా బస్తా చల్లి, ఆ యేటి పంట పిండుకొనుటయే అతనికి తోచు తెలివి. అది అతని దోషము కాదు. మన యేర్పాటు దోషము. 2019లో చేయబడిన పంటసాగుదారుల హక్కుల చట్టముగూడ భూస్వామి సంతకమును కోరుటచే, ఆ సంతకము పెట్టుటకు జంకు యజమానులవలన అనేకులకు కార్డులు చేతికి రాలేదు. స్త్రీల గతియు నిట్టిదే. కలుపుతీత మొదలు కషాయము కాచుటవఱకు చాకిరి ఆమెది, పాసుపుస్తకము పురుషునిది. సేద్యమునకు ప్రాణమైనవారికి నేలపై మాట లేకున్న నేలకు ప్రాణ మెట్లు వచ్చును?

మఱియొక హెచ్చరికయు చేయవలసియున్నది. ఉద్యమములకు ప్రభుత్వాదరము వరమును, శాపమును గూడ కావచ్చును. లెక్కలు చూపవలసిన యుద్యోగికి ఎకరముల సంఖ్యపైనే దృష్టి. నేల మాఱినదా లేదా యన్నది తరువాతి మాట. 2018లో అప్పటి ప్రభుత్వము 2024 నాటికి రాష్ట్రములోని అఱువది లక్షల రైతుల నందఱను ఈ మార్గమునకు త్రిప్పుదుమని ప్రకటించెను. ఆ గడువు దాటిపోయినది. గడువు తప్పెనని మేము పరిహసింపము. నేలకు దాని కాలము కలదు. అది పంచాంగమును చూడదు, పథకమును చూడదు. కాని చేయని దానిని చేసినట్లు వ్రాసికొను నలవాటు ప్రబలినచో, మంచి పనియును నమ్మకము కోల్పోవును. సంఘముల పుస్తకములు గ్రామసభలో చదువబడవలయును. ఏ చేను మాఱినది, ఏది మాఱలేదు, ఏల మాఱలేదు అన్న లెక్క ఊరివారి యెదుట తేలవలయును. సామాజిక నిర్వహణ యను మాటకు అర్థమదియే.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, కనీసము అయిదేండ్ల కౌలునకు అంగీకరించు యజమానులకు భూహక్కునకు భంగము లేదను హామీ యిచ్చి, కౌలుదారునకు అప్పును, భీమాను యజమాని సంతకముతో నిమిత్తము లేక గ్రామసభ ధ్రువీకరణముతోనే లభింపజేయవలయును. రెండవది, తొలి మూడేండ్లలో దిగుబడి తగ్గినచో ఆ నష్టములో కొంత భాగమును భరించునట్టి నిధిని మహిళా సంఘముల యొద్ద నుంచవలయును. ఎరువుల సబ్సిడీకి వెచ్చించు ధనములో స్వల్పాంశము చాలును. మూడవది, పండిన కొఱ్ఱలు, జొన్నలు, సజ్జలు, కందులు ఆదోని, ఎమ్మిగనూరు వసతిగృహములకును, బడులలోని మధ్యాహ్న భోజనమునకును, చౌకదుకాణములకును కొనవలయును. జహీరాబాదు ప్రాంతమున 1983లో స్థాపింపబడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు 1990వ దశాబ్దిలోనే తమ జొన్నలను తమ ఊళ్ళలోనే చౌకగ పంచుకొను నేర్పాటు చేసికొని యీ మార్గమును చూపినవి. చదువని స్త్రీలు చేసిన పనిని చదివిన ప్రభుత్వము చేయలేదా? నాలుగవది, ఉపాధి పనులలో గట్లు, కుంటలు, గడ్డిబీళ్ళు గ్రామసంఘము కోరినచోటనే జరుగవలయును గాని, ఇతరుల సౌకర్యముకొఱకు కాదు.

ప్రభుత్వ మిది యంతయు చేయువఱకు గ్రామములు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనని మా భావము కాదు. సెలవు కోరనక్కఱలేని పనులు కొన్ని కలవు. వచ్చు వేసవిలో నందవరపు మహిళా సంఘములు ఊరి రచ్చబండయొద్ద కూడి, ఇంటింట మిగిలిన తాతనాటి విత్తనములను లెక్కించి యొకచోట చేర్చవచ్చును. పశువులను కట్టివేయు దినములను ఊరంతయు కలిసి నిర్ణయింపవచ్చును. ఒక్కొక్క రైతు ఒక్క ఎకరమును, కాకున్న అర యెకరమును, ఈ పద్ధతికి విడువవచ్చును. ప్రత్తి సాళ్ళ నడుమ మరల కొఱ్ఱ వేయవచ్చును. పోయినచో పోవునది కొంచెము. నిలిచినచో నిలుచునది ఊరు.

ఈ సీమ బిడ్డ సుగ్గికి పోవు లారీ యెక్కక, పలక పట్టుకొని బడికి పోవు దినము ఒక్క కాలువనీటివలననే రాదు. ఒక్క ప్రభుత్వపు నిధివలననే రాదు. తన నేల తన చేతిలోనున్నదని, తన యూరు తన వెంటనున్నదని తల్లిదండ్రులకు నమ్మకము కుదిరిననాడు వచ్చును. ఆ నమ్మకమును విత్తుటకు తొలకరికై వేచియుండ నవసరము లేదు, పొడినేలలోనే విత్తవచ్చును.